పరిశోధన డేటా నిర్వహణ సేవను గ్రంథాలయంలో ఎలా మొదలుపెట్టాలి

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో పనిచేసేవారు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: "పరిశోధన డేటా నిర్వహణకు గ్రంథాలయమే తోడ్పడాలని పైనుంచి ఆదేశం వచ్చింది. మాలో ఆ శిక్షణ పొందినవారు లేరు, ప్రత్యేక సర్వర్ లేదు, అదనపు నిధులు లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఇద్దరు సిబ్బంది తమ మిగతా పనులు చూసుకుంటూనే అమలు చేయగలిగే క్రమంలో ఈ సమాధానం రాశాను.

ఈ ఒత్తిడి ఇప్పుడు పెరగడానికి కారణం స్పష్టంగానే ఉంది. అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011 జనవరి నుంచి నిధుల ప్రతిపాదనలతో పాటు డేటా నిర్వహణ ప్రణాళికను (డేటాను ఎలా సేకరించి, దాచి, పంచుతామో చెప్పే పత్రాన్ని) కూడా జతచేయమంటోంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 2023 జనవరి 25 నుంచి డేటా నిర్వహణ, పంచుకోవడం రెండింటికీ ప్రణాళిక తప్పనిసరి చేసింది. ఎన్నో దేశాల్లో నిధులిచ్చే సంస్థలూ, పరిశోధన పత్రికలూ ఇదే దారిలో ఉన్నాయి. నియమాలను పక్కన పెట్టి చూసినా అవసరం తగ్గదు. 2014లో 'కరెంట్ బయాలజీ' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 2 నుంచి 22 ఏళ్ల నాటి 516 పరిశోధనల డేటా కోసం వెతికింది. వ్యాసానికి ఒక్కో ఏడాది వయసు పెరిగేకొద్దీ దాని డేటా దొరికే అవకాశాలు 17 శాతం చొప్పున తగ్గుతూ వచ్చాయని అది తేల్చింది. రచయితల ఈ-మెయిల్ చిరునామాలు పనిచేయకపోవడం, డేటా ఉన్న డిస్కులను చదివే పరికరాలు లేకపోవడం వంటి సాదా కారణాలే అందులో ఎక్కువ.

పని మొదలుపెట్టే ముందు ఒక నిర్ణయం తీసుకోండి. మొదటి ఏడాది డేటాను దాచే బాధ్యత గ్రంథాలయం నెత్తిన వేసుకోవద్దు. డేటాను ఇతరులకు అర్థమయ్యేలా వివరింపజేసే బాధ్యత మాత్రమే తీసుకోండి. వర్గీకరణ, సూచీకరణ, వివరణ గ్రంథపాలకులకు తరతరాలుగా తెలిసిన విద్య. సర్వర్లు నడపడం వేరే విద్య, దానికి వేరే మనుషులు ఉన్నారు. ఈ గీత గీసుకోకుండా దిగిన గ్రంథాలయం రెండు పనుల్లోనూ మాట తప్పవలసి వస్తుంది.

కావలసినవి

– కనీసం ఇద్దరు సిబ్బంది. వారానికి ఒక పూట చొప్పున కేటాయించినా సరిపోతుంది కానీ ఒక్కరితో మాత్రం మొదలుపెట్టవద్దు. ఆ ఒక్కరూ బదిలీ అయిన రోజున సేవ ఆగిపోతుంది.
– గ్రంథాలయం ఏ పని చేస్తుందో తెలిపే లిఖితపూర్వక అనుమతి. ఒక పేజీ చాలు.
– ఐటీ విభాగం, పరిశోధన కార్యాలయం, ఎథిక్స్ కమిటీలలో సంప్రదించదగిన ఒక్కొక్క వ్యక్తి.
– సేవ పేరుతో ఉండే ఒక ఈ-మెయిల్ చిరునామా. అది ఏ ఉద్యోగి పేరుతోనూ ఉండకూడదు.
– వచ్చిన ప్రతి ప్రశ్ననూ, మీరిచ్చిన జవాబునూ రాసిపెట్టే పట్టిక.
– ఉచితంగా దొరికే కొన్ని సాధనాలు: పట్టికలను శుభ్రం చేయడానికి ఓపెన్‌రిఫైన్, ఫైళ్ల ఫార్మాట్లను గుర్తించడానికి బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ రూపొందించిన డ్రాయిడ్, చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం మారినా పట్టిచ్చే గుర్తు సంఖ్య) లెక్కించే ఏదో ఒక సాధనం.
– సాధన చేయడానికి ఒక పాత డేటాసెట్. తన పూర్తయిన ప్రాజెక్టు ఫైళ్లను ఇష్టపడి ఇచ్చే అధ్యాపకులు ఒక్కరు దొరికినా చాలు.

చేయవలసిన క్రమం

1. ఎవరి పని ఏదో ముందే రాసుకోండి

గ్రంథాలయాలు ఎదుర్కొనే కష్టాల్లో అన్నిటికన్నా పెద్దది సాంకేతికమైనది కాదు. డేటా ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు సంస్థలో నలుగురు నాలుగు జవాబులు చెబుతారు. ఐటీ విభాగం నిల్వ స్థలం గురించి మాట్లాడుతుంది, పరిశోధన కార్యాలయం నిధుల నియమాల గురించి మాట్లాడుతుంది, ఎథిక్స్ కమిటీ పరిశోధనలో పాల్గొనేవారి సమ్మతి పత్రాల దగ్గర ఆగుతుంది, పరిశోధకులేమో ఇవన్నీ గ్రంథాలయం చూసుకుంటుందని అనుకుంటారు. కాబట్టి ఒక పట్టిక గీయండి. ప్రణాళిక రాయడం, ప్రాజెక్టు జరుగుతున్నప్పుడు నిల్వ, బ్యాకప్, సమ్మతి పత్రం, గుర్తింపు వివరాల తొలగింపు, రిపాజిటరీలో (డేటాను భద్రపరిచి ఇతరులకు అందించే భాండాగారంలో) చేర్చడం, గడువు తీరాక తొలగించడం అనే ఏడు పనులను ఎడమవైపు రాసి, ఒక్కోదానికి ఎదురుగా ఒకే ఒక్క విభాగం పేరు రాయండి. ఒక గడిలో రెండు పేర్లు వచ్చాయంటే ఆ పని ఎవరూ చేయరు. ఖాళీగా మిగిలిన గడులను దాచకుండా యాజమాన్యానికి చూపించండి.

నాలుగు విభాగాలవారిని ఒకచోట కూర్చోబెట్టడం వీలుకాకపోతే, మీరే పట్టిక నింపి ఒక్కొక్కరికీ పంపి సవరణలు అడగండి. ఖాళీ కాగితం పంపితే జవాబు రాదు. తప్పు ఉన్న కాగితం పంపితే దిద్ది పంపుతారు.

2. పరిశోధకులతో ముఖాముఖి మాట్లాడండి

వేర్వేరు శాఖల నుంచి కనీసం ఎనిమిది, పదిమందిని ఎంచుకొని ఒక్కొక్కరితో అరగంట మాట్లాడండి. సర్వే ఫారం పంపడం తేలికే, కానీ 'మీరు బ్యాకప్ తీసుకుంటారా' అని ఫారంలో అడిగితే దాదాపు అందరూ తీసుకుంటామనే రాస్తారు. 'మీ ల్యాప్‌టాప్ రేపు పాడైతే ఏం పోతుంది?' అని ఎదురుగా కూర్చొని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. అడగదగిన మరికొన్ని ప్రశ్నలు: గత ఏడాది పరిశోధక విద్యార్థి వెళ్లిపోయినప్పుడు అతని ఫైళ్లు ఏమయ్యాయి? మూడేళ్ల కిందటి ఒక పట్టికను ఇప్పుడు తెరిచి చూపించగలరా? ఏ సాఫ్ట్‌వేర్ లేకపోతే మీ డేటా చదవలేరు? మీ శాఖలో డేటాను ఎక్కడ ప్రచురించడం ఆనవాయితీ?

'డేటా' అన్న మాట వినగానే సాహిత్య, చరిత్ర శాఖలవారు తమకు సంబంధం లేదనుకుంటారు. వారిని అడిగేటప్పుడు ఇంటర్వ్యూల రికార్డింగులు, శాసనాల ఫోటోలు, రాతప్రతుల నకళ్లు, క్షేత్ర పర్యటన నోట్సు అని పేరుపెట్టి అడగండి.

3. సేవ పరిధిని ఒక పేజీలో ప్రకటించండి

రెండో అడుగులో విన్నవాటిలోంచి మీరు నిజంగా చేయగలిగిన మూడు పనులు ఎంచుకోండి. ప్రణాళికలు చదివి సూచనలివ్వడం, ఫైళ్ల అమరికపై శిక్షణ, రిపాజిటరీ ఎంపికలో సహాయం అనే మూడింటితో మొదలుపెట్టమని నా సలహా. మీరు చేయని పనులు కూడా అదే పేజీలో స్పష్టంగా ఉండాలి: గణాంక విశ్లేషణ, ప్రాజెక్టు నడుస్తున్నప్పటి నిల్వ, న్యాయ సలహా వంటివి. ఒక్కోదాని పక్కన ఎవరిని అడగాలో రాయండి. 'మేము చేయము' అని మాత్రమే రాసిన పేజీ పరిశోధకులను దూరం చేస్తుంది.

4. డేటా నిర్వహణ ప్రణాళికలను చదవండి

పెట్టుబడి లేకుండా మొదలుపెట్టగల సేవల్లో దీనికే ఎక్కువ విలువ ఉంది, కాబట్టి ఇక్కడ కొంచెం నిలిచి చెబుతాను. ప్రణాళిక సాధారణంగా రెండు పేజీలకు మించదు. పరిశోధకులు దాన్ని తామే రాస్తారు. మీరు చదివి ప్రశ్నలు వేస్తారు. రాయడానికి డీఎంపీటూల్, డీఎంపీఆన్‌లైన్ అనే వెబ్ సాధనాలు ఉన్నాయి. నిధులిచ్చే సంస్థల నమూనాలు వాటిలో సిద్ధంగా ఉంటాయి. మీ పరిశోధకులకు నిధులిచ్చే సంస్థ నమూనా అక్కడ లేకపోతే, ఆ సంస్థ అడిగిన అంశాలనే శీర్షికలుగా పెట్టి ఒక సాదా పత్రం తయారుచేసి ఇవ్వండి.

చదివేటప్పుడు ఈ విషయాలు వెతకండి. డేటా ఎంత వస్తుందో అంకెల్లో ఉందా, లేక 'తగినంత' అని వదిలేశారా? ప్రాజెక్టు నడిచే కాలంలో ఫైళ్లు ఎక్కడ ఉంటాయి, ఎవరెవరికి తాళం ఉంటుంది, విద్యార్థి వెళ్లిపోయాక ఆ ప్రవేశం ఎవరు తీసేస్తారు? వ్యక్తి పేరుతో పాటు హోదా కూడా రాశారా? చివరకు డేటా ఏ రిపాజిటరీలో, ఎప్పుడు చేరుతుందో పేరుతో సహా ఉందా? ఖర్చు బడ్జెట్‌లో చూపారా? డేటాను సిద్ధం చేయడానికీ, రిపాజిటరీ రుసుముకూ అయ్యే న్యాయమైన ఖర్చులను ప్రతిపాదనలో చూపడానికి నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వంటి సంస్థలు అనుమతిస్తాయి. ఈ సంగతి తెలియక చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు, తరువాత ఆ భారం గ్రంథాలయం మీద పడుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది సమ్మతి పత్రం. 'మీ సమాధానాలను పరిశోధక బృందం తప్ప ఎవరూ చూడరు, అధ్యయనం ముగిశాక ధ్వంసం చేస్తాం' అని పాల్గొన్నవారికి మాట ఇచ్చి, అదే ప్రాజెక్టు ప్రణాళికలో 'డేటాను అందరికీ అందుబాటులో ఉంచుతాం' అని రాయడం తరచుగా కనిపించే వైరుధ్యం. డేటా సేకరణ పూర్తయ్యాక దీన్ని సరిదిద్దడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే పాల్గొన్న ప్రతి ఒక్కరి దగ్గరికీ మళ్లీ వెళ్లి సమ్మతి అడగాలి. అందుకే ప్రణాళికతో పాటు సమ్మతి పత్రం ముసాయిదా కూడా పంపమని మొదటి ఈ-మెయిల్‌లోనే అడగండి.

హెచ్చరిక: గడువు ముందురోజు సాయంత్రం వచ్చే ప్రణాళికలు మీకు తప్పవు. అయిదు పనిదినాల ముందు పంపితే పూర్తిగా చదువుతామనీ, ఆ తరువాత వస్తే సమ్మతి పత్రం, రిపాజిటరీ పేరు, ఖర్చు అనే మూడింటినే చూస్తామనీ ముందే ప్రకటించండి. ఎంత అత్యవసరమైనా వారి బదులు ప్రణాళిక మీరు రాయవద్దు. మీరు రాసిన ప్రణాళికను ఆ బృందంలో ఎవరూ పాటించరు.

5. ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు, రీడ్‌మీ నేర్పించండి

శిక్షణ గంటకు మించనివ్వకండి, ఒకే శాఖవారిని కూర్చోబెట్టండి, వారి సొంత ఫైళ్లే తెచ్చుకోమనండి. నేర్పవలసింది చాలా తక్కువ. తేదీని ఏడాది, నెల, రోజు క్రమంలో, 2024-03-07 అన్నట్లు రాస్తే ఫైళ్లు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. 07-03-2024 అని రాస్తే అది మార్చి ఏడో, జూలై మూడో చదివినవారు ఊహించుకోవలసి వస్తుంది. పేర్లలో ఖాళీలు, ప్రత్యేక చిహ్నాలు వద్దు. 'చివరిది', 'అసలైన చివరిది' అనే పేర్లకు బదులు వర్షన్ అంకె వాడాలి. ముడి డేటా ఉన్న ఫోల్డర్‌ను మార్చడానికి వీలులేకుండా చదవడానికి మాత్రమే ఉంచి, శుభ్రం చేసినదాన్ని వేరే ఫోల్డర్‌లో పెట్టాలి.

రీడ్‌మీ అంటే డేటాను వివరించే ఫైలు, అది సాదా టెక్స్ట్ రూపంలో ఉండాలి. అందులో డేటా ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ పరికరంతో లేదా ఏ ప్రశ్నావళితో సేకరించారో, ఒక్కో ఫైలులో ఏముందో, ప్రతి నిలువు వరుస పేరుకు అర్థమేమిటో, కొలమానం ఏమిటో, లేని విలువలను ఎలా సూచించారో ఉండాలి. శిక్షణ ముగిసే ముందు ప్రతి ఒక్కరూ తమ ఒక్క ఫైలుకైనా రీడ్‌మీ రాసి వెళ్లేలా చూడండి. ఇంటికి వెళ్లి రాస్తామన్నవి రాయబడవు.

6. రిపాజిటరీ ఎంచుకోవడంలో వరుస పాటించండి

మొదట ఆ రంగానికి ప్రత్యేకమైన రిపాజిటరీ ఉందేమో చూడండి. ప్రొటీన్ల నిర్మాణాలకు 1971లో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంక్, జన్యు క్రమాలకు జెన్‌బ్యాంక్, జీవజాతుల ఉనికి నమోదులకు జీబీఐఎఫ్, సాంఘిక శాస్త్రాలకు ఐసీపీఎస్ఆర్ వంటివి ఉన్నాయి. పేరు తెలియకపోతే 'రీ3డేటా' అనే సూచీలో అంశం వారీగా వెతకవచ్చు. రంగానికి తగినది లేకపోతే జెనోడో, డ్రైయాడ్, ఫిగ్‌షేర్ వంటి సాధారణ రిపాజిటరీలు చూడండి. ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడోలో ఒక్కో రికార్డుకు సాధారణ పరిమితి 50 జీబీ. డ్రైయాడ్ డేటాను సీసీ జీరో (హక్కులన్నీ వదులుకునే లైసెన్సు) కింద మాత్రమే ప్రచురిస్తుంది కనుక, హక్కులపై షరతులు పెట్టాలనుకునేవారికి అది పనికిరాదు.

సంస్థ సొంత రిపాజిటరీని చివర ఆలోచించండి. డేటావర్స్, డీస్పేస్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఉచితమే, కానీ వాటిని ఏళ్ల తరబడి నవీకరిస్తూ కాపాడే ఉద్యోగి జీతం ఉచితం కాదు. మీ గ్రంథాలయంలో వ్యాసాలకూ, థీసిస్‌లకూ డీస్పేస్ ఇప్పటికే నడుస్తూ ఉంటే, పూర్తి డేటాను అందులో పెట్టకుండా, బయటి రిపాజిటరీలో ఉన్న డేటాకు వివరమూ లింకూ మాత్రం అందులో నమోదు చేయడం మంచి మధ్యేమార్గం. సంస్థలో ఏయే డేటా పుట్టిందో తెలిపే సూచీ దీంతో తయారవుతుంది.

7. వచ్చిన డేటాను తనిఖీ చేయండి

'మాకు ఆ శాస్త్రం తెలియదు, ఎలా తనిఖీ చేయగలం?' అని గ్రంథపాలకులు జంకేది ఇక్కడే. కొలత సరైనదా కాదా అని తీర్పు చెప్పడం మీ పని కాదు. బయటివారు దీన్ని చదివి వాడుకోగలరా అన్నదే మీ ప్రశ్న, దానికి ఆ శాస్త్రం తెలియనివారి కళ్లే బాగా పనికొస్తాయి.

ఈ వరుసలో చేయండి. ముందు అసలు ఫైళ్లకు నకలు తీసి, అసలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, రెండింటికీ చెక్‌సమ్ లెక్కించి రాసుకోండి. తరువాత ప్రతి ఫైలునూ తెరవండి; తెరుచుకోనివి ఒకటో రెండో ఉంటాయి. రీడ్‌మీలో పేర్కొన్న ఫైళ్లన్నీ ఉన్నాయా, పేర్కొననివి ఏమైనా ఉన్నాయా చూడండి. పట్టికల్లో ఒక్కో నిలువు వరుసకూ అత్యల్ప, అత్యధిక విలువలు చూడండి. వయసు వరుసలో 999 కనిపిస్తే అది 'సమాధానం లేదు' అన్నదానికి సంకేతం కావచ్చు. రీడ్‌మీలో ఆ మాట లేకపోతే అడగండి. 'ఈ వరుసలో సున్నా అంటే కొలిస్తే సున్నా వచ్చిందనా, కొలవనే లేదనా?' అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు మొత్తం డేటాసెట్‌ను కాపాడుతుంది.

ఎక్సెల్ ఫైళ్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. కొన్ని అక్షరాలు, అంకెలు కలిసిన సంకేతాలను అది తనంతట తాను తేదీలుగా మార్చేస్తుంది. సెప్ట్2 అనే జన్యువు పేరు సెప్టెంబరు 2గా మారిపోవడం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన వ్యాసాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం చూపింది. చివరకు 2020లో మానవ జన్యువుల నామకరణ సంఘం ఇటువంటి పేర్లనే మార్చవలసి వచ్చింది. ఇవే కాక, ముందున్న సున్నాలు రాలిపోవడం, 15 అంకెలు దాటిన గుర్తింపు సంఖ్యల్లో చివరి అంకెలు సున్నాలుగా మారడం, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో 65,536 అడ్డు వరుసల తరువాత డేటా తెగిపోవడం కూడా చూడాలి. మొత్తం వరుసల సంఖ్య సరిగ్గా 65,536 అయితే వెంటనే అనుమానించండి.

దీర్ఘకాలం నిలవడానికి సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసే టెక్స్ట్ ఫైలు) వంటి సాదా ఫార్మాట్ నకలు కూడా ఉంచడం మంచిది. అయితే సీఎస్‌వీగా మార్చేటప్పుడు తెరిచి ఉన్న ఒక్క షీటు మాత్రమే భద్రమవుతుంది, సూత్రాలు పోయి వాటి ఫలితాలే మిగులుతాయి, గడులకు వేసిన రంగులు పోతాయి. 'పసుపు రంగు గడులు అనుమానాస్పదమైనవి' అని పరిశోధకులు గుర్తుపెట్టుకొని ఉంటే, ఆ సమాచారాన్ని ముందు ఒక కొత్త నిలువు వరుసగా రాయించి, ఆ తరువాతే మార్చండి. ఇంగ్లీషు కాని లిపులున్న ఫైళ్లను యూటీఎఫ్-8 అనే, అన్ని లిపులకూ పనికొచ్చే అక్షర సంకేత పద్ధతిలో భద్రపరిచి, మరో కంప్యూటర్‌లో తెరిచి అక్షరాలు చెదిరిపోలేదని చూడండి. అసలు ఫైలును మాత్రం పారేయవద్దు.

చిత్రాలు, భౌగోళిక డేటా, ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్వేర్ ఫైళ్ల వంటి కొత్త ఫార్మాట్లు వచ్చినప్పుడు డేటా క్యురేషన్ నెట్‌వర్క్ అనే కూటమి ఫార్మాట్ల వారీగా ఉచితంగా ప్రచురించిన ప్రైమర్లు (పరిచయ మార్గదర్శకాలు) చదవండి. ఒక్కో ఫార్మాట్‌లో ఏమేం అడగాలో వాటిలో ఉంటుంది.

8. వ్యక్తుల సమాచారం ఉంటే ఆగండి

పేరు, ఫోన్ నంబరు తీసేస్తే డేటా అనామకమైపోయిందనుకోవడం ప్రమాదం. పుట్టిన తేదీ, లింగం, అయిదంకెల పోస్టల్ కోడ్ అనే మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో సుమారు 87 శాతం మందిని విడివిడిగా గుర్తించవచ్చని డేటా గోప్యతా పరిశోధకురాలు లతాన్యా స్వీనీ 2000లో అంచనా వేశారు. కాబట్టి విడిగా హాని లేనట్లు కనిపించే వరుసలు కలిస్తే ఏమవుతుందో చూడాలి. పుట్టిన తేదీకి బదులు వయసు శ్రేణి, ఊరికి బదులు పెద్ద ప్రాంతం, అరుదైన వృత్తికి బదులు విస్తృత వర్గం పెట్టించవచ్చు. ఎక్సెల్‌లో దాచిన షీట్లు, వ్యాఖ్యలు, ఫోటో ఫైళ్లలో దాగి ఉండే జీపీఎస్ వివరాలు, ఆడియోలో వినిపించే పేర్లు కూడా వెతకండి. అంతరించిపోతున్న జీవుల ఆవాసాల ఖచ్చితమైన స్థానాలు కూడా సున్నితమైన డేటానే, వేటగాళ్లకు అవి దారి చూపుతాయి.

అనుమానం ఉంటే డేటాను తీసుకోకుండా ఎథిక్స్ కమిటీకి పంపండి. ఈ నిర్ణయం గ్రంథాలయం ఒంటరిగా తీసుకోకూడదు. ప్రత్యామ్నాయం ఉంది: డేటాను మూసి ఉంచి, దాని వివరణను మాత్రం బహిరంగంగా ప్రచురించి, కావలసినవారు ఎవరికి, ఏ షరతుల మీద దరఖాస్తు చేయాలో అందులో రాయడం. డేటా ఉందన్న సంగతి లోకానికి తెలుస్తుంది, వ్యక్తుల గోప్యతా నిలుస్తుంది.

9. లైసెన్సు, డీవోఐ, ఓర్కిడ్

ఇది చిన్న పనే. ఏ లైసెన్సూ లేని డేటాను వాడవచ్చో లేదో చదివినవారికి తెలియదు కనుక ఒకటి తప్పక ఎంచుకోవాలి. బహిరంగ డేటాకు సీసీ జీరో లేదా సీసీ బై (మూలకర్త పేరు చెప్పి వాడుకోమనే లైసెన్సు) సాధారణం. ఇతరుల నుంచి కొన్న లేదా అనుమతితో పొందిన డేటా అందులో కలిసి ఉంటే ముందు ఆ ఒప్పందం చదవండి. డేటాకు శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన డీవోఐని రిపాజిటరీ ఇస్తుంది. రచయితలందరి 16 అంకెల ఓర్కిడ్ గుర్తింపులూ నమోదయ్యేలా చూడండి. వ్యాసం నుంచి డేటాకూ, డేటా నుంచి వ్యాసానికీ రెండువైపులా లింకు ఉండాలి. డేటా ముందు ప్రచురితమై వ్యాసం తరువాత వస్తుంది కనుక రెండో లింకు చేర్చడం అందరూ మరచిపోతారు. అందుకోసం మీ పట్టికలో ఒక గుర్తు పెట్టుకోండి.

10. సంస్థలోనే ఉంచిన డేటాను కనిపెట్టుకొని ఉండండి

కొంత డేటా బయటకు ఇవ్వడానికి వీలుకాక సంస్థ సర్వర్‌లోనే ఉంటుంది. దానికి మూడు నకళ్లు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే చోట ఉండాలన్న నియమాన్ని ఐటీ విభాగంతో రాయించుకోండి. ఫైళ్లను బ్యాగిట్ పద్ధతిలో కట్టి ఉంచితే వాటి చెక్‌సమ్‌లు వాటితోనే ప్రయాణిస్తాయి. ఏడాదికొకసారి మళ్లీ లెక్కించి పోల్చండి. ప్రతి డేటాసెట్‌కూ సమీక్ష తేదీ రాయండి. ఆ తేదీన ఉంచాలా, తీసేయాలా అన్నది శాఖను అడిగి నిర్ణయించండి. ఏదీ తీసేయకుండా పోగు చేస్తూ పోతే కొన్నేళ్లలో నిల్వ ఖర్చే సేవను మింగేస్తుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదట రిపాజిటరీ కట్టి, తరువాత డేటా కోసం ఎదురుచూడటం వీటిలో ఖరీదైనది. ఖాళీ రిపాజిటరీని నింపాలనే తొందరలో రీడ్‌మీ లేని ఫైళ్లను కూడా తీసుకుంటారు, ఆ ఫైళ్లు తరువాత ఎవరికీ పనికిరావు. రిపాజిటరీ నమ్మదగినదనే ధ్రువీకరణ కోసం మొదటి ఏడాదే పరుగెత్తడం కూడా ఇలాంటిదే. కోర్‌ట్రస్ట్‌సీల్‌ అనే ధ్రువీకరణకు 16 ఆవశ్యకతలు ఉన్నాయి, అవి నిలకడగా నడుస్తున్న రిపాజిటరీల కోసం ఉద్దేశించినవి.

'కోరితే డేటా ఇస్తాం' అన్న వాక్యంతో సరిపెట్టుకోవడాన్ని అంగీకరించవద్దు. రచయిత ఉద్యోగం మారిన రోజున ఆ వాక్యానికి విలువ ఉండదు.

ఫెయిర్ సూత్రాలపై (డేటా దొరకాలి, అందాలి, ఇతర డేటాతో కలవాలి, మళ్లీ వాడుకునేలా ఉండాలి అనేవి) ఉపన్యాసంతో శిక్షణ మొదలుపెట్టవద్దు. 2016లో ప్రచురితమైన ఆ సూత్రాలు మీరు చదువుకోవడానికి మంచివి. థీసిస్ గడువు ముంచుకొస్తున్న విద్యార్థికి ముందు కావలసింది తన ఫైళ్లు పోకుండా ఉండటం.

తనిఖీలో దొరికిన తప్పును మీరే సరిదిద్దడం కూడా పొరపాటే. స్పష్టమైన అక్షరదోషమైనా సరే, పరిశోధకులకు చూపించి వారి చేతే దిద్దించి, ఆ మార్పును రీడ్‌మీలో రాయించండి. లేకపోతే వ్యాసంలోని అంకెలకూ డేటాలోని అంకెలకూ తేడా వచ్చినప్పుడు జవాబు చెప్పవలసింది మీరవుతారు.

ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి

ఎన్ని శిక్షణలు జరిగాయి, ఎంతమంది వచ్చారు అన్న లెక్కలు నివేదికకు అవసరమే కానీ సేవ పనిచేస్తోందో లేదో అవి చెప్పవు. ఆర్నెల్లకొకసారి ఈ నాలుగు పరీక్షలు చేయండి.

మొదటిది, ప్రచురితమైన ఒక డేటాసెట్‌ను అదే శాఖలోని, ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని విద్యార్థికి ఇచ్చి, వ్యాసంలోని ఒక్క పట్టికను తిరిగి లెక్కించమనండి. రచయితకు ఫోను చేయకుండా చేయగలిగితే మీ తనిఖీ సరిపోయినట్లే. ఎక్కడ ఆగిపోయారో అక్కడ రీడ్‌మీలో లోపం ఉంది. దాన్ని మీ తనిఖీ ప్రశ్నావళిలో చేర్చండి.

రెండోది, మీ జాబితాలోని డీవోఐలన్నింటినీ సంస్థ నెట్‌వర్క్ బయట నుంచి, ఏ ఖాతాలోకీ లాగిన్ కాకుండా తెరవండి. లోపల తెరుచుకొని బయట తెరుచుకోనివి తప్పక కొన్ని బయటపడతాయి.

మూడోది, ఏడాది కిందట మీరు చదివిన ప్రణాళికల్లో మూడింటిని తీసుకొని, అందులో రాసిన చోటే ఫైళ్లు ఉన్నాయా అని ఆ పరిశోధకులనే అడగండి. తప్పు పట్టడానికి వచ్చినట్లు అడిగితే వారు తలుపులు మూసేస్తారు. ప్రణాళిక ఎక్కడ ఆచరణకు కుదరలేదో తెలుసుకోవడానికి అడుగుతున్నామని ముందే చెప్పండి. మూడింటిలోనూ ఒకే చోట పొంతన కుదరకపోతే, మీ సలహాలోనే మార్పు అవసరం.

నాలుగోది బ్యాకప్ నుంచి తిరిగి తెప్పించడం. సంస్థ సర్వర్‌లో ఉన్న ఒక డేటాసెట్‌ను ఎంచుకొని, అది పోయిందనుకొని, వేరే చోట ఉన్న నకలు నుంచి తెచ్చివ్వమని ఐటీ విభాగాన్ని అడగండి. వచ్చిన ఫైళ్ల చెక్‌సమ్‌ను మీరు మొదట రాసుకున్నదానితో పోల్చండి. ఎంతసేపట్లో వచ్చిందో, ఎవరిని అడిగితే వచ్చిందో కూడా పట్టికలో రాయండి. ఈ పరీక్షను ఒకసారి సేవలోని మొదటి ఉద్యోగి, మరోసారి రెండో ఉద్యోగి విడివిడిగా చేయాలి.